కెమెరా అంటే గది: ఒక లాటిన్ మాట ఐరోపాలో పట్టిన దారులు

పోక్సో కేసుల వార్తల్లో ‘ఇన్ కెమెరా విచారణ’ అనే మాట తరచుగా కనబడుతుంది. కెమెరా పెట్టి రికార్డు చేసే విచారణ అని దాన్ని అర్థం చేసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అసలు అర్థం దాదాపు దానికి వ్యతిరేకం. సంబంధం లేనివాళ్లందరినీ బయటికి పంపి, తలుపులు మూసి జరిపే విచారణ అది. లాటిన్‌లో ‘ఇన్ కమెర’ అంటే ‘గదిలో’ అని. నిండు కోర్టు హాల్లో కాకుండా న్యాయమూర్తి సొంత గదిలో అన్నమాట. 2012 నాటి పోక్సో చట్టంలో 37వ సెక్షన్ ఈ పద్ధతిని తప్పనిసరి చేసింది. అదే చట్టంలో 26వ సెక్షన్ బాధిత బిడ్డ వాంగ్మూలాన్ని వీలైన చోటల్లా ఆడియో, వీడియోల్లో రికార్డు చేయమంటుంది. ఒకే చట్టంలో ఒకచోట గది అనే కెమెరా, మరోచోట నిజం కెమెరా. గందరగోళం పుట్టిందంటే చదివేవాళ్ల తప్పేమీ కాదు.

ఈ రెండు కెమెరాలూ ఒక్కటే మాట. ఫిల్మ్ ఛాంబర్‌లోని ఛాంబరూ అదే. కామ్రేడ్ కూడా అదే. తెలుగు దినపత్రిక ఒక్క రోజు సంచికలో ఈ మూడూ వేర్వేరు పేజీల్లో కనబడవచ్చు, మూడింటికీ ఒకదానితో ఒకటి పోలిక ఉండదు. రెండువేల ఏళ్లలో ఒక మాట ఇలా చీలిపోవడం యాదృచ్ఛికం కాదు. ఏ భాషలో ఏ అర్థం స్థిరపడిందో చూస్తే, ఆ మాట అక్కడికి ఎప్పుడు వెళ్లింది, ఎవరి నోట వెళ్లింది, వెళ్లేసరికి గదికి అక్కడ సొంత మాట ఉందా లేదా అన్న మూడు విషయాలే దాదాపు అంతా తేలుస్తాయి. మూడోది అన్నిటికన్నా బలమైనది, అయినా దాన్నే అందరూ మరిచిపోతారు.

గదికన్నా ముందు కప్పు

మాట మొదట గ్రీకుది. ‘కమార’ అంటే వంపు తిరిగిన కప్పు, లేదా అలాంటి కప్పున్న బండి. లాటిన్ దాన్ని అరువు తెచ్చుకుని ‘కమెర’ అంది. రోమన్ల నోట చాలాకాలం దాని అర్థం గది కాదు, గదిపైన కమానులా వంగిన కప్పు మాత్రమే. (మన ‘కమాను’కు దీనితో సంబంధం లేదు. అది విల్లు అనే అర్థమున్న పారశీక మాట.) క్రీస్తుపూర్వం 54లో రోమన్ వక్త సిసెరో తన తమ్ముడి ఇంటి పనులు చూసి వచ్చి రాసిన ఉత్తరంలో, కొన్ని కమెరలు తనకు నచ్చలేదనీ మార్చమని చెప్పాననీ అంటాడు. అక్కడ గదులు అని చదివితే తప్పు. ఆయనకు నచ్చనివి పైకప్పులు.

ఆ కప్పు ఎలా కట్టేవారో రోమన్ వాస్తుశిల్పి విత్రూవియస్ తన వాస్తుగ్రంథం ఏడో భాగంలో పనివాడికి చెప్పినట్టు చెప్పాడు. ముందు వాసాలు పరవాలి. రెండింటి మధ్య రెండు రోమన్ అడుగులకు, అంటే మన లెక్కన సుమారు 59 సెంటీమీటర్లకు మించి ఎడం ఉండకూడదు. సైప్రస్ చెక్క మేలు, ఫర్ చెక్క తొందరగా పుచ్చిపోతుంది. వాసాలను వంపు ఆకారానికి తెచ్చి, పైఅంతస్తు నేలకో ఇంటి కప్పుకో కట్టుచెక్కలతో బిగించి ఇనుప మేకులు కొట్టాలి. తర్వాత నలగ్గొట్టిన రెల్లును స్పెయిన్ గడ్డితో పేనిన తాళ్లతో వాసాలకు కట్టాలి. కింది వైపు మొదట గరుకు పూత, దానిమీద ఇసుక సున్నం, చివర సుద్దతోనో పాలరాతి పొడితోనో నునుపు. ఇదీ కమెర. రాతి కమాను అక్కర్లేదు, రెల్లూ సున్నమూ చాలు.

కప్పు పేరు దాని కింది చోటికి దిగడానికి పెద్ద కష్టం లేదు. చివరి రోమన్ శతాబ్దాలకు కమెర అంటే గది అయిపోయింది. అయితే మామూలు గది కాదు, మూసి ఉండే గది, లోపల దాచుకునేదేదో ఉండే గది. ఈ ‘మూత’ అన్న ఛాయ తర్వాతి అర్థాల్లో చాలావాటిని వదల్లేదు.

నంబరులోని ‘బ’

ఫ్రాన్స్ ప్రాంతపు జనం నోట కమెర నలిగింది. మధ్యలోని ‘ఎ’ పడిపోయి ‘కమ్ర’ అయింది. ‘మ’ తర్వాత వెంటనే ‘ర’ పలకాలంటే పెదవులు విడివడే క్షణానికి ముందే ముక్కుదారి మూసుకుంటుంది. ఆ క్షణంలో పుట్టేది ‘బ’. కామ్రేడ్ అని పదిసార్లు గబగబా అంటే మన నోట్లోనూ ‘కాంబ్రేడ్’ వినబడుతుంది. అలా కమ్ర కాస్తా ‘కంబ్ర’ అయింది. లాటిన్ ‘నుమెరుస్’ ఫ్రెంచిలో ‘నోంబ్ర్’ అయిందీ ఇలాగే. మనం రోజూ అనే నంబరులోని ‘బ’ అక్కడ పుట్టిందే.

రెండో మార్పు మొదటి అక్షరానిది. ఉత్తర ఫ్రాన్స్‌లో ‘అ’కారం ముందున్న ‘క’ మెత్తబడి ‘చ’ అయింది. ‘కంబ్ర’ ‘చాంబ్ర’ అయింది. ఇంగ్లండును నార్మన్లు గెలిచాక రాజదర్బారు భాషగా వెళ్లిన ఫ్రెంచి ఈ ‘చ’నే వెంట తీసుకెళ్లింది. తర్వాత ఫ్రాన్స్‌లో ‘చ’ మళ్లీ మారి ‘ష’ అయింది, ఇప్పుడు అక్కడ ‘షాంబ్ర్’ అంటారు. ఇంగ్లిషులో పాత పలుకే నిలిచింది. హైదరాబాదులో ఛాంబర్ అన్నప్పుడు వినబడే ‘ఛ’ మధ్యయుగపు ఫ్రెంచివాళ్లదన్నమాట.

అర్థం మాత్రం రెండుచోట్లా ఒకలా స్థిరపడలేదు. ఫ్రెంచిలో షాంబ్ర్ అంటే చాలా మామూలు మాట, పడకగది. ఇంగ్లిషులో అప్పటికే ‘రూమ్’ అనే సొంత జర్మానిక్ మాట ఉంది. రోజువారీ గది దాని వంతయింది. ఛాంబర్‌కు మిగిలింది హోదా: న్యాయవాది ఛాంబర్, వర్తకుల ఛాంబర్, చట్టసభ. అరువు మాట ఎంత గొప్ప ఇంటి నుంచి వచ్చినా, ఖాళీ ఉన్న కుర్చీలోనే కూర్చోగలదు.

జర్మన్‌లో ఇదే ఇంకో రకంగా జరిగింది. రోమన్ల రాతి కట్టడాన్ని చూసి జర్మన్లు గోడకు, పెంకుకు, కిటికీకి, నేలమాళిగకు లాటిన్ మాటలే తీసుకున్నారు. ఆ వరసలోనే ‘కమ్మర్’ వచ్చింది. గదికి వాళ్లకు ‘త్సిమ్మర్’ ఉంది, మొదట కట్టడపు కలప అనే అర్థమున్న మాట. పొయ్యి ఉండి వెచ్చగా ఉండే గది ‘ష్టూబె’. కమ్మర్‌కు దక్కింది చలిగా ఉండే చిన్నగది: పనివాళ్లు పడుకునేది, సామాన్లు పెట్టుకునేది. ఇప్పటికీ ఇంట్లో అర్థం అదే. కానీ ఇల్లు దాటితే కమ్మర్ పెద్దమాట. వర్తక సంఘం కమ్మరే, జిల్లాస్థాయి కోర్టులో కొందరు న్యాయమూర్తుల బెంచీ కమ్మరే. గుండె జఠరిక కూడా ‘హెర్ట్స్‌కమ్మర్’, గుండెగది.

ఇక్కడే వైద్య అనువాదకులు జారిపడతారు. ఇంగ్లిషు లెక్కలో గుండెకు నాలుగు ఛాంబర్లు. జర్మన్ వైద్యభాషలో కమ్మర్లు రెండే, అవి కింది జఠరికలు. పై కర్ణికలను ‘ఫోర్‌హోఫ్’ అంటారు, ముందు వాకిలి అని అర్థం. ‘కమ్మర్‌ఫ్లిమ్మర్న్’ను ‘గుండె గదుల అదురు’ అని రాస్తే కర్ణికలదో జఠరికలదో తెలియదు. మొదటిదాంతో మనిషి చాలాకాలం బతకవచ్చు, రెండోదైతే నిమిషాల్లో ప్రాణం పోతుంది. జఠరికల అదురు అనే రాయాలి.

రాజుగారి పడకగది, ఊరి లెక్కలు

మధ్యయుగపు ఫ్రాంకు రాజులు ధనాన్ని పడకగదిలోనే దాచుకునేవారు. అందుకే గది చూసుకునేవాడే ఖజానా చూసుకునేవాడు, ‘కమెరారియుస్’. గది అనే మాటకు ఖజానా అనే అర్థం రావడానికి కారణం ఇంత సరళం. పోపు ఖజానాను ‘కామెరా అపొస్తోలికా’ అనేవారు. దాన్ని చూసే కార్డినల్ కామర్లెంగో. పోపు పోయాక కొత్త పోపు వచ్చేదాకా వ్యవహారాలు చూసేది ఆయనే. 2025 ఏప్రిల్ 21న పోప్ ఫ్రాన్సిస్ మరణవార్తను ప్రకటించింది కామర్లెంగో కెవిన్ ఫారెల్. ప్రష్యా రాజు 1727లో హాలె విశ్వవిద్యాలయంలోనూ ఓడర్ నది మీది ఫ్రాంక్‌ఫర్టులోనూ రాజ్య ఆదాయవ్యయాల విద్యకు ఆచార్య పీఠాలు పెట్టినప్పుడు, ఆ విద్యకు పేరు ‘కమెరాల్’ శాస్త్రం. అంటే ఖజానా గది శాస్త్రం.

గది చూసుకునే మనిషి తర్వాత ఏమయ్యాడన్నది అన్నిటికన్నా ఆసక్తికరం. జర్మన్ పట్టణాల్లో ‘కెమ్మరర్’ నేటికీ ఊరి ఆర్థికాధికారి. లండన్ సిటీ కార్పొరేషన్‌లో ‘ఛాంబర్లెయిన్’ పనీ అదే. అదే మూలం నుంచి వచ్చిన స్పానిష్ ‘కమరేరో’, ఇటాలియన్ ‘కామెరియేరె’ హోటల్లో బల్ల దగ్గరికి కాఫీ తెచ్చే మనిషి. ఉత్తరాన గదిలోని డబ్బు ముఖ్యమైంది, దక్షిణాన గదిలోని దొరకు చేసే సేవ ముఖ్యమైంది. పోలిష్‌లో ఇదే మనిషి ‘కొమోర్నిక్’. ఒకప్పుడు రాజు కొలువులో ఉద్యోగి, ఇప్పుడు కోర్టు తీర్పు పట్టుకుని అప్పు వసూలుకు, జప్తుకు ఇంటికి వచ్చే అధికారి. మాడ్రిడ్‌లో చేయి ఎత్తి పిలిచే మనిషికి వార్సాలో తలుపు తీయడానికే భయపడతారు.

పోలిష్ ఇంకో చిత్రం చేసింది. ‘కొమోరా’ అంటే కొట్టుగది. దానికి చిన్నదనే ప్రత్యయం చేర్చితే ‘కొమూర్కా’. సూక్ష్మదర్శినిలో కనబడే జీవకణానికి ఆ పేరు పెట్టుకున్నారు. సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు ‘సెల్యులర్’ను అనువదించి ‘కొమూర్కా ఫోను’ అన్నారు, కొన్నాళ్లకు ఫోను అన్నది రాలిపోయింది. ఇప్పుడు పోలిష్‌లో కొమూర్కా అంటే సామాన్ల కొట్టు, జీవకణం, మొబైల్ ఫోను. రోమన్ రెల్లుకప్పు జేబులోకి వచ్చింది.

ఒకే గదిలో పడుకున్నవాళ్లు

స్పానిష్‌లో ‘కమరాదా’ అంటే మొదట ఒక గదికి సరిపడా మనుషులు. ఒకే గదిలో, ఒకే గుడారంలో ఉండి కలిసి తినే సైనికుల గుంపుకు ఆ పేరు. గుంపు పేరు గుంపులోని ఒక్కొక్కరికీ అంటుకుంది. పదహారో శతాబ్దంలో స్పానిష్ సేనలు ఐరోపా అంతా తిరుగుతున్న రోజుల్లో ఫ్రెంచి దాన్ని ‘కమరాద్’గా తీసుకుంది, ఫ్రెంచి నుంచి జర్మన్‌కు, ఇంగ్లిషుకు వెళ్లింది. ఇప్పటి తెలుగులో ‘రూమ్మేట్’ అన్న మాటకు అసలు అర్థంలో కామ్రేడ్‌కు మించిన తోబుట్టువు లేదు.

రాజకీయం చేరాక దారులు చీలాయి. ఇంగ్లిషు సోషలిస్టులు పందొమ్మిదో శతాబ్దం చివర కామ్రేడ్‌ను తమ సంబోధనగా చేసుకున్నారు, ఆ దారినే అది మనకు వచ్చి ‘కామ్రేడ్ సుందరయ్య’ అనే పిలుపులో ఎర్రజెండాతో కలిసిపోయింది. జర్మన్‌లో వామపక్షం ‘గెనొస్సె’ అనే మరో మాటను ఎంచుకుంది. ‘కమెరాద్’ సైన్యానికి మిగిలింది. ఇటలీలో తేడా ఇంకా పదునైనది. కమ్యూనిస్టులు ‘కొంపాన్యో’ అన్నారు, ఒకే రొట్టె పంచుకునేవాడని. ముస్సోలినీ ఫాసిస్టులు ‘కమెరాతా’ అన్నారు. రోములో వామపక్ష సభలో మన కార్యకర్త ఒకరు కామ్రేడ్‌కు దగ్గరగా వినబడుతోందని ‘కమెరాతా’ అని పిలిస్తే, సభ మొత్తం నిశ్శబ్దమైపోతుంది. ఒకే లాటిన్ మాట, ఒకే స్పానిష్ బారకాసు, చివరకు ఎదురెదురు శిబిరాలు. నిఘంటువు ఇచ్చే సమానార్థకం మీద ఆధారపడకూడదనడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ దొరకడం కష్టం.

అదే స్పానిష్ ‘కమరియ్యా’ అనే చిన్నగదిని కూడా లోకానికిచ్చింది. 1814లో సింహాసనం తిరిగి పొందిన ఏడో ఫెర్దినాందు చుట్టూ చేరి, మంత్రులను పక్కనపెట్టి చెవిలో చెప్పి నడిపించే కోటరీకి ఆ పేరు వచ్చింది. ఇంగ్లిషు, జర్మన్ పత్రికలు దాన్ని అలాగే వాడుకున్నాయి.

చీకటి గదిలోంచి చీకటి పోయింది

గది యంత్రమైన కథ విశేషణం రాలిపోయిన కథ. చీకటి గది గోడకు చిన్న చిల్లు పెడితే బయటి దృశ్యం ఎదుటి గోడమీద తలకిందులుగా పడుతుందని అరబ్బు, చైనా పండితులకు చాలాముందే తెలుసు. 1604లో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ తన కాంతిశాస్త్ర గ్రంథంలో దాన్ని ‘కమెర ఒబ్స్‌కూర’, చీకటి గది అన్నాడు. తర్వాత గది పెట్టె అయింది, చిల్లులో కటకం చేరింది. 1839లో ఫ్రెంచివాడైన డాగేర్ ఫొటో పద్ధతి బయటపడ్డాక పెట్టెలో పడిన బొమ్మ పలకమీద నిలిచిపోయింది. ఇంగ్లిషులో ‘ఒబ్స్‌కూర’ పడిపోయి కెమెరా మిగిలింది. పెట్టె గుణాన్ని చెప్పే మాట పోయి గది అనే మాట మిగలడం వల్లే ఈనాడు దాని అర్థం దాని రూపంలో కనబడదు.

ఆ ఏడాది పారిస్‌లో జరిగినది ఈ మాటకు అద్దం పట్టినట్టు ఉంటుంది. జులై 3న శాస్త్రవేత్త అరాగో ఫ్రెంచి ప్రతినిధుల ‘షాంబ్ర్’ ముందు నిలబడి, ‘షాంబ్ర్ న్వార్’లో, అంటే చీకటి గదిలో, బొమ్మను నిలిపే విద్యను దేశం కొనాలని వాదించాడు. డాగేర్‌కు ఏటా 6,000 ఫ్రాంకులు, అంతకుముందే చనిపోయిన భాగస్వామి నియెప్స్ కొడుకుకు 4,000 ఫ్రాంకులు పింఛనుగా సభ ఒప్పుకుంది. ఒక గది మరో గదికి పింఛను ఇచ్చింది.

కొత్త అర్థం ఐరోపాలో అన్ని భాషలకూ ఒకే కొలతలో దిగలేదు. ఫ్రెంచిలో ‘కమెరా’ సినిమా, వీడియోలకే. ఫొటో తీసేది ‘అపరెయ్ ఫొతో’. ఇటాలియన్‌కు అసలు వీలే లేదు, అక్కడ ‘కామెరా’ అంటే ఇంకా గదే. అందుకని ‘మాక్కినా ఫొతోగ్రాఫికా’, ‘ఫొతోకామెరా’, వీడియోకు ‘తెలెకామెరా’. ఇటలీ పల్లె రోడ్డు పక్కన ‘కామెరె’ అని బోర్డు కనబడితే అక్కడ అద్దెకు గదులున్నాయని అర్థం. ‘కామెరా అర్దెంతె’ అనే మాటను ‘మండే కెమెరా’ అనుకుంటే ఘోరమైన పొరపాటు, అది కొవ్వొత్తులు వెలిగించి భౌతికకాయాన్ని సందర్శనకు ఉంచే గది. రష్యన్‌లో ‘కామెరా’ జైలు కొట్టుగది, రైల్వే స్టేషన్లో సామాన్లు భద్రపరిచేది, సైకిలు టైరు లోపలి ట్యూబు, వీడియో తీసేది. ట్యూబుకూ గదికీ ఏమిటి సంబంధం అంటే, ఫ్రెంచిలో ట్యూబును ‘గాలి గది’ అంటారు. రష్యన్ అందులోంచి గాలి తీసేసింది. ఇంగ్లిషు చీకటిని తీసేసినట్టే.

అనువాదం చేసేవాళ్లు మాటను ఒంటరిగా చూడకూడదు. పక్కన ఏముందో, ఒకప్పుడు పక్కన ఉండి రాలిపోయినది ఏమిటో చూడాలి. సైకిలు దుకాణం వాక్యంలోని రష్యన్ కామెరాకు, కోర్టు వాక్యంలోని కామెరాకు తేడా అక్కడే తెలుస్తుంది. రూపం మోసం చేయడం కూడా గుర్తుంచుకోవాలి. రష్యన్‌లో మామూలు గది ‘కోమ్నత’. చూడగానే కమెరకు చుట్టంలా కనబడుతుంది, కాదు. అది ‘కమినాత’ అనే లాటిన్ మాట, పొయ్యి ఉన్న గది. దేశం మారినా అదే భాష అర్థం మార్చుకోవడం ఇంకో చిక్కు. పోర్చుగల్లో ‘కామరా మునిసిపాల్’ ఊరిని పాలించే కార్యవర్గం, బ్రెజిల్లో అదే పేరు ఊరి శాసనసభది. ఇక మన కోర్టు వార్తలకు వస్తే, ‘ఇన్ కెమెరా’ అని అలాగే దింపే బదులు ‘రహస్య విచారణ’ అన్నా, ‘తలుపులు మూసి జరిపే విచారణ’ అన్నా ఎవరికీ అనుమానం ఉండదు.

హంగేరియన్‌లో ఈ మాట మూడుసార్లు వచ్చి మూడు పొరలుగా నిలిచింది: ‘కమ్ర’ అంటే వంట సామాన్ల గది, ‘కమర’ అంటే వర్తక సంఘం లాంటి మండలి, ‘కమెర’ అంటే కెమెరా. మాట పుట్టిన గ్రీకులోనూ అంతే. ‘కమారా’ అని మధ్య అక్షరాన్ని ఒత్తి పలికితే కమాను. థెస్సలోనికీ నగరంలో గలేరియుస్ చక్రవర్తి విజయతోరణాన్ని జనం ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. ఒత్తు మొదటి అక్షరం మీదికి జరిపి ‘కామర’ అంటే గది, రోమన్ల చేతుల్లో అర్థం మారి తిరిగొచ్చినది. ‘కామెరా’ అంటే మనం అనే కెమెరా, ఆధునిక కాలంలో రెండోసారి తిరిగొచ్చినది.

భారతదేశానికి కూడా అది ఇంగ్లిషు వెంట మాత్రమే రాలేదు. పదిహేడో శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో వర్తకం పెట్టిన డచ్చి కంపెనీ, స్వదేశంలో ఆరు ‘కామర్ల’ కూటమి. ఆమ్‌స్టర్‌డామ్, జీలండ్, డెల్ఫ్ట్, రాటర్‌డామ్, హోర్న్, ఎంకౌసెన్ అనే ఆరుచోట్ల కూర్చున్న ఆరు గదులు. వాళ్లకన్నా ముందే వచ్చిన పోర్చుగీసువాళ్ల ‘కామరా’ హిందీ, ఉర్దూల్లో ‘కమ్రా’గా స్థిరపడింది, అల్మారా వచ్చిన దారినే. హైదరాబాద్ పాతబస్తీలో సీసీటీవీ బిగించేవాడికి ‘కమ్రే మే కేమ్రా లగావ్’ అని చెబితే, లిస్బన్ నుంచి ఓడలో వచ్చిన కమెర, లండన్ నుంచి పెట్టెలో వచ్చిన కమెర ఒకే వాక్యంలో పక్కపక్కన నిలుస్తాయి.